199కి కొన్న డొమైన్‌కి 2,594 బిల్లు: మార్చుకున్న కథ, నా అనుభవం

డాట్ కామ్ డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, మీరు ఎవరి దగ్గర కొన్నా, ఆ అమ్మేవాడు వెనక కట్టాల్సింది ఒకటే రేటు. డాట్ కామ్ జాబితా మొత్తం వెరిసైన్ అనే అమెరికన్ కంపెనీ చేతిలో ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ ఒక పేరుకి రేటుని ఏడాదికి 10.26 డాలర్లు చేసింది, దానిమీద ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ అనే సంస్థకి 2025 జులై నుంచి ఇంకో 20 సెంట్లు. పెద్ద కంపెనీ అయినా చిన్న కంపెనీ అయినా అంతే. డాలరు 88 రూపాయలు అనుకుంటే సుమారు 920 రూపాయలు. మరి ఒకడు 199కి, ఇంకొకడు 799కి, మరొకడు 1,599కి ఎలా అమ్ముతున్నారు? నేను ఉద్యోగరీత్యా సర్వర్ల పనిలోనే ఉన్నా ఈ లెక్క ఎప్పుడూ కూర్చుని వెయ్యలేదు, ఎందుకంటే ఆఫీసు డొమైన్ల బిల్లు ఆఫీసే కడుతుంది. ఒంగోలు నుంచి మా బాబాయ్ వాట్సాప్‌లో ఒక బిల్లు పంపాకే వెయ్యాల్సి వచ్చింది.

బాబాయ్‌ది మోటార్లు, పైపుల షాపు. షాపుకి రెండు డొమైన్లు ఉన్నాయి. డాట్ కామ్ మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, డల్లాస్ వెళ్ళేముందు ఫోన్లో ఆఫర్ చూసి ఒక పెద్ద కంపెనీ దగ్గర కొన్నాడు. డాట్ ఇన్ మాత్రం సైటు తయారుచేసిన గుంటూరు కుర్రాడు కొనిపెట్టాడు, అతను రీసెల్లర్, అంటే పెద్ద కంపెనీ సరుకుని తన పేరుతో తిరిగి అమ్మేవాడు. వచ్చిన బిల్లు డాట్ కామ్‌ది. రెన్యువల్ 1,599, ప్రైవసీ ప్రొటెక్షన్ 599, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 2,594 రూపాయలు. మొదటి ఏడాది కట్టింది 199, జీఎస్టీతో 235.

"ఏరా, అదే పేరు కదా, కొత్తగా ఏమిచ్చాడని రెండువేల ఆరొందలు అడుగుతున్నాడు?" అన్నాడు బాబాయ్. షాపులో రోజూ బేరాలాడే మనిషి, ఆయన దగ్గర సమాధానం నీళ్ళు నమిలితే కుదరదు. అందుకని ముందు బిల్లుని విడదీసి చెప్పాను. 1,599లో దాదాపు 920 అసలు ఖర్చు, మిగతాది కంపెనీ లాభం, సర్వీసు, యాడ్ల ఖర్చు. 199కి ఇచ్చిన ఏడాది వాళ్ళ జేబులోంచి ఏడొందల పైన పోయింది, అది ఇప్పుడు మన దగ్గర రాబడుతున్నారు. బాబాయ్‌కి వెంటనే అర్థమైపోయింది. "మోటారు తక్కువకిచ్చి రివైండింగ్‌లో లాగినట్టన్నమాట" అన్నాడు. అంతే.

ఇక ఆ 599 ప్రైవసీ. డొమైన్ కొన్నవాళ్ళ పేరు, ఫోను, అడ్రసు ఒకప్పుడు హూయిజ్ అనే బహిరంగ జాబితాలో ఎవరైనా చూడగలిగేవాళ్ళు, కొన్న గంటలోపే "సార్ వెబ్‌సైట్ చేయించుకుంటారా" అని ఫోన్ల వాన కురిసేది. అది కప్పిపెట్టడానికే ఈ ప్రైవసీ. 2018 మేలో వ్యక్తిగత వివరాల్ని కాపాడే యూరప్ జీడీపీఆర్ చట్టం అమల్లోకి వచ్చాక చాలా రిజిస్ట్రార్లు, అంటే డొమైన్లు అమ్మే గుర్తింపున్న కంపెనీలు, ఆ వివరాలు మామూలుగానే దాచేస్తున్నారు, చాలామంది ప్రైవసీని ఫ్రీగానే ఇస్తున్నారు. దానికి ఇంకా విడిగా డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారంటే, అడగకుండా కట్టేవాళ్ళు ఉన్నారనే.

ఈ వ్యాపారంలో మొదట్లో పోటీ ఉండేది కాదు. 1999 వరకూ డాట్ కామ్ అమ్మేది నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే, ఏడాదికి 35 డాలర్లు, అదీ ముందే రెండేళ్ళకి కలిపి 70 కట్టాలి. 1998లో ఐకాన్ ఏర్పడి, మరుసటి ఏడాది మిగతా కంపెనీలకి కూడా అమ్ముకునే వీలు కల్పించింది. జాబితా ఒకరి చేతిలో ఉంటుంది, అమ్మేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు అనే పద్ధతి అప్పటిది. ఆ తర్వాత ధరలు దబదబా పడ్డాయి. మన దేశంలో అయితే ముంబైలో తురాఖియా అన్నదమ్ముల డైరెక్టి కంపెనీ రీసెల్లర్ క్లబ్ పెట్టి, ఊరూరా వెబ్ డిజైనింగ్ చేసేవాళ్ళని డొమైన్ అమ్మేవాళ్ళుగా మార్చింది. తర్వాత 2014లో ఆ వ్యాపారాన్ని అమెరికా కంపెనీ ఎండ్యూరెన్స్ కొనేసింది. గుంటూరు కుర్రాడి లాంటివాళ్ళు వేలమంది ఇలా వెనక ఉన్న పెద్ద రిజిస్ట్రార్ ప్యానెల్‌ని తమ పేరు, తమ లోగోతో నడుపుతుంటారు. మనకి కనబడేది కుర్రాడి పేరు, పేరు నిజంగా రిజిస్టర్ అయ్యేది ఆ వెనకున్న కంపెనీలో. ఇది తెలుసుకోవడం సులువే, ఐకాన్ వాళ్ళ లుకప్ పేజీలో డొమైన్ కొడితే రిజిస్ట్రార్ ఎవరో వచ్చేస్తుంది.

సరే, వేరేచోటికి మారదాం అనుకుని నాలుగైదు కంపెనీల సైట్లు పక్కపక్కన తెరిచి, ఒక్కోదాంట్లో డబ్బులు కట్టే పేజీ దాకా వెళ్ళి చూశాను. బయట బోర్డు మీది ధర, లోపల కార్ట్‌లో ధర ఎక్కడా ఒకటి కాదు. ఒకచోట ఏడాది అని నొక్కితే కార్ట్‌లోకి వెళ్ళేసరికి మూడేళ్ళు అయింది. ఆఫర్ ధర మొదటి ఏడాదికే, మిగతా రెండేళ్ళు మామూలు రేటు. ఇంకోచోట ఈమెయిల్ బాక్సు "ఫ్రీ ట్రయల్" అని టిక్ పెట్టి ఉంది, కింద సన్న అక్షరాల్లో ట్రయల్ అయ్యాక నెలనెలా ఎంతో రాసుంది. మరోచోట సైట్ సెక్యూరిటీ వద్దని తీసేస్తే ఒక పెద్ద ఎర్ర పెట్టె వచ్చి "మీ వ్యాపారాన్ని హ్యాకర్లకి వదిలేస్తారా" అన్నట్టు అడిగింది. కింద రెండు బటన్లు. "రక్షణ కావాలి" అన్నది ఆకుపచ్చగా అరచేతంత, "వద్దు, రిస్క్ తీసుకుంటాను" అన్నది బూడిదరంగులో కనీకనబడకుండా. ఇలాంటి వేషాలని డార్క్ ప్యాటర్న్స్ అంటారు, వాటిని ఆపడానికి మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. అడగనిది కార్ట్‌లో పెట్టడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చెయ్యడం, ధరని విడతలు విడతలుగా బయటపెట్టడం, మూడూ అందులో పేర్లతో సహా ఉన్నాయి. అన్నీ ఉన్నాయి గానీ నేను తెరిచిన సైట్లలో కూడా అన్నీ ఉన్నాయి.

రెన్యువల్ ధర మాత్రం ప్రతి సైట్లోనూ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఎందుకంటే ఐకాన్ నిబంధన ప్రకారం రెన్యువల్ చార్జీలు తెలిసేలా పెట్టాలి. హోమ్ పేజీలో ఉండాలని మాత్రం రూలు లేదు కాబట్టి సపోర్ట్ పేజీల్లో మూడో మెట్టులో దాక్కుని ఉంటుంది. ఆ రెన్యువల్ ధర ఒక్కటే కాగితం మీద రాసుకుని పక్కపక్కన పెడితే, మొదటి ఏడాదికి అంతంత తేడా ఉన్న కంపెనీలు రెండో ఏడాదికి వచ్చేసరికి చాలావరకు ఒకే ఊళ్ళోకి చేరాయి. కొట్లాటంతా మొదటి ఏడాది మీదే, రెండో ఏడాదికి అందరూ స్నేహితులే.

కొత్త ఎక్స్‌టెన్షన్ల సంగతి, అంటే పేరు చివర డాట్ కామ్ బదులు వచ్చేవాటి సంగతి, ఇంకా ఘోరం. తమ్ముడు డల్లాస్ నుంచి "డాట్ స్టోర్ వంద రూపాయల్లోపే వస్తోంది, దానికి మారిపోదాం" అన్నాడు. రెన్యువల్ చూడరా అంటే వేలల్లో ఉంది. డాట్ కామ్‌కైనా వెరిసైన్ ఎంత పెంచొచ్చో ఒప్పందంలో పరిమితి ఉంది, ప్రతి ఆరేళ్ళలో చివరి నాలుగేళ్ళు మాత్రమే, అదీ ఏడాదికి 7 శాతం మించకూడదు. కొత్తవాటికి అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. పెంచేముందు ఆర్నెల్లు ముందుగా రిజిస్ట్రార్లకి చెప్పాలి, అంతవరకే. షాపు బోర్డు మీద, బిల్లు బుక్కుల మీద, ఆటో వెనక ఫ్లెక్సీ మీద పేరు అచ్చయ్యాక మనం ఎక్కడికి పోతాం, ఎంతంటే అంత కట్టాల్సిందే. తమ్ముడు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈలోపు బాబాయ్‌కి ఇంకో ఐడియా వచ్చింది. "అసలు రెన్యువలే చెయ్యకుండా వదిలేద్దాం, గడువు అయిపోయాక ఎవరిదీ కాదు కదా, అప్పుడు మళ్ళీ కొత్తగా 199కి కొనేద్దాం." వినడానికి బాగుంది, చాలామందికి ఈ ఆలోచన వస్తుంది కూడా. కానీ గడువు దాటిన వెంటనే పేరు గాల్లోకి రాదు. డాట్ కామ్ అయితే ముందు 45 రోజుల దాకా పాత కంపెనీ దగ్గరే ఉండొచ్చు, ఆ సమయంలో సైటు ఆగిపోతుంది, కంపెనీ దాన్ని వేలానికి పెట్టుకునే అవకాశం కూడా ఉంది. ఆ తర్వాత రిడెంప్షన్ అని 30 రోజులు, అందులో వెనక్కి తీసుకోవాలంటే రెన్యువల్‌తోపాటు వేలల్లో ఫైను. చివర్లో ఇంకో 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. అది అయ్యాక పేరు విడుదలయ్యే క్షణానికి కంప్యూటర్లతో కాపలా కాసే కంపెనీలు ఉన్నాయి, కాస్త జనం వచ్చే పేరైతే మన చేతికి చిక్కదు. బాబాయ్ కాసేపు ఆలోచించి "వద్దులే, మన పేరు తీసుకెళ్ళి ఎదుటి షాపువాడికి ఇచ్చినట్టు అవుద్ది" అన్నాడు.

నేను చివరికి క్లౌడ్‌ఫ్లేర్ అనే అమెరికన్ కంపెనీని ఎంచుకున్నాను. వాళ్ళు 2018లో, లాభం వేసుకోకుండా హోల్‌సేల్ ధరకే డొమైన్లు ఇస్తామని ప్రకటించారు, మొదటి ఏడాదికీ పదో ఏడాదికీ ఒకటే పద్ధతి. ఉచితంగా ఏమీ ఇవ్వట్లేదు లెండి, వాళ్ళ మిగతా సర్వీసులు కొంటామనే ఆశ ఉంటుంది, పైగా మామూలు ఖాతాలో వాళ్ళ నేమ్ సర్వర్లే (పేరు కొడితే సైటు ఎక్కడుందో చెప్పే కంప్యూటర్లు) వాడాలి. షాపు సైటుకి అది అడ్డం కాదు. ఇంకెవరికైనా అడ్డం కావచ్చు, చూసుకోవాలి.

మార్చడం అనేది వరస తప్పితే ఇబ్బంది పెట్టే పని. ముందు డీఎన్ఎస్ రికార్డులు, అంటే ఆ పేరుకి సైటు ఎక్కడ, మెయిల్ ఎక్కడ అని చెప్పే వివరాలు, అన్నీ నోట్‌ప్యాడ్‌లోకి దించుకున్నాను, ముఖ్యంగా మెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులు. సైటు తెరుచుకోకపోతే వెంటనే తెలుస్తుంది, మెయిల్ రాకపోతే మాత్రం డీలర్ ఫోన్ చేసి "కొటేషన్ పంపాం కదండీ" అనేదాకా తెలీదు. కొత్తచోట అవన్నీ సరిగ్గా ఎక్కించి, నేమ్ సర్వర్లు మార్చి, రెండు వైపులా మెయిల్ పంపి చూసుకున్నాకే డొమైన్ జోలికి వెళ్ళాను. రెండో సంగతి, పాత ఖాతాలో యజమాని పేరు తమ్ముడిది ఉంది, అది బాబాయ్ పేరుకి మార్చాలి. కానీ ముందు పేరు మారిస్తే 60 రోజులు వేరేచోటికి మార్చకుండా డొమైన్‌కి తాళం పడే ప్రమాదం ఉంది. కొన్నిచోట్ల వద్దని టిక్ తీసే వీలుంటుంది, అన్నిచోట్లా కాదు. అందుకే ముందు డొమైన్ తరలించి, పేరు మార్పు కొత్తచోట చేద్దామని పక్కన పెట్టాం.

లాక్ తీసి ఆథ్ కోడ్ (డొమైన్ తరలించడానికి ఇచ్చే రహస్య కోడ్) అడిగితే, అది తమ్ముడి మెయిల్‌కే వెళ్తుంది. మనకి పొద్దున్న అయితే వాడికి రాత్రి. వాడు నిద్రలోనే లేచి కోడ్‌ని వాట్సాప్‌లో పంపాడు, నేను ఫోన్లో చూసి ల్యాప్‌టాప్‌లో కొడితే "తప్పు కోడ్" అంటుంది. మళ్ళీ కొట్టినా అదే. ఓ అంటే సున్నానా అక్షరమా అని అన్నీ మార్చి చూశాక గమనించాను, కోడ్ మధ్యలో కొన్ని అక్షరాలు మాత్రం లావుగా ఉన్నాయి. అసలు సంగతి ఏంటంటే కోడ్‌లో రెండు చోట్ల నక్షత్రం గుర్తు ఉంది, వాట్సాప్ ఆ రెంటినీ మింగేసి మధ్యలోవి బోల్డ్ చేసింది! మెయిల్‌లోంచి నేరుగా కాపీ చేస్తే ఒక్కసారికి తీసుకుంది. ఇలాంటి కోడ్‌లు మెయిల్‌లోనే ఫార్వర్డ్ చేయించుకోండి, అరగంట టెన్షన్ తగ్గుతుంది.

డబ్బులు డాలర్లలో కట్టాలి. కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుంటేనే పడతాయి, నాది ఆఫ్‌లో ఉంది, ఆన్ చేశాను. పన్ను, ఫారెక్స్ మార్కప్ (విదేశీ చెల్లింపుకి బ్యాంకు వేసే చార్జీ) అన్నీ కలిపి సుమారు 1,100 అయింది. తరలిస్తే పాత గడువుకి ఒక ఏడాది కలుస్తుంది కాబట్టి పాతచోట మిగిలిన రోజులు పోవు.

అసలు తమాషా ఆ మరుసటి రోజు మొదలైంది. పాత కంపెనీ నుంచి తరలింపు అభ్యర్థన వచ్చిందని మెయిల్, మేం ఏమీ అనకపోతే 5 రోజుల్లో దానంతట అదే వెళ్ళిపోతుంది. మెయిల్ వెనకే బాబాయ్‌కి ఫోన్, ఖాతాలో షాపు నంబరే ఉంది మరి. ఆయన నన్ను కూడా లైన్లోకి తీసుకున్నాడు. అవతల అమ్మాయి చక్కటి తెలుగులో చాలా మర్యాదగా, "సార్, మీరు పాత కస్టమర్ కదా, మీ కోసం రెన్యువల్ 1,199కి చేయిస్తాను" అంది. బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. బేరంలో ఆయన పద్ధతే అది, ముందు ఎప్పుడూ మాట్లాడడు. ఆ నిశ్శబ్దానికే ధర తగ్గింది, "సరే సార్, మేనేజర్ గారితో మాట్లాడాను, 899, ప్రైవసీ కూడా ఫ్రీ." లైన్లో ఉండగానే మేనేజర్‌తో ఎప్పుడు మాట్లాడిందో ఏమో. బిల్లులో 2,594 ఉన్నది జీఎస్టీతో కలిపి 1,061కి వచ్చేసింది, మేం పోతున్నామని తెలిసినందుకు మాత్రమే.

నిజం చెప్పాలంటే ఆ ఏడాదికి చూస్తే 1,061 అంటే కొత్తచోట కట్టినదానికంటే ఓ నలభై రూపాయలు తక్కువే. నేను ఒక్కటే అడిగాను, "మరి వచ్చే ఏడాది ఎంత అమ్మా?" "వచ్చే ఏడాది రెగ్యులర్ ప్రైస్ ఉంటుంది సార్, అప్పుడు కూడా కాల్ చేస్తే ఏదైనా ఆఫర్ చూస్తాం." అంటే ప్రతి ఏడాదీ ఇలా పోతాం పోతాం అని బెదిరించాలన్నమాట. ఆమె తప్పేం లేదు, ఆమె ముందున్న స్క్రీన్ మీద ఉన్నదే చెప్తోంది. పోనీ ఇప్పుడు రెన్యువల్ చేసి తర్వాత తరలించుకోండి అని కూడా సలహా ఇచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గడువు తేదీ దాటాక పాతచోట రెన్యువల్ చేసి, ఆ తేదీ నుంచి 45 రోజుల లోపే వేరేచోటికి మారితే, పాతచోట కట్టిన ఏడాది లెక్కలోంచి తీసేస్తారు, చేతికి మిగిలేది తరలింపు ఏడాది ఒక్కటే. మా గడువు ఇంకా రాలేదు కాబట్టి మాకు వర్తించదు గానీ, ఆఖరి నిమిషంలో కంగారుపడేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

బాబాయ్ "థాంక్సమ్మా" అని పెట్టేశాడు. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కి తరలింపుకి ఒప్పుకుంటే 5 రోజులు ఆగకుండానే డొమైన్ వచ్చేసింది. దానికే ఇంకో మూడేళ్ళు కలిపి కట్టించాను. పదేళ్ళ దాకా కట్టొచ్చు. వెరిసైన్ రేటు పెంచినా ఆ మూడేళ్ళకి మనకి తగలదు, పైగా ఆటో రెన్యువల్‌ని నమ్ముకోలేం, 2021లో రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు మారాక విదేశీ సైట్లలో కార్డు మన ప్రమేయం లేకుండా కట్ అవుతుందన్న గ్యారంటీ లేదు.

ఇక మిగిలింది డాట్ ఇన్, గుంటూరు కుర్రాడి దగ్గరున్నది. దాన్ని కూడా మార్చేద్దామనే మొదట అనుకున్నాను. రీసెల్లర్ అంటే నాకు కొంచెం భయం. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అని చౌకగా అమ్మే కంపెనీ కుప్పకూలితే లక్షల పేర్లు గాల్లో పడ్డాయి, ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి ఆ పేర్లన్నీ గోడాడీకి మార్పించాల్సి వచ్చింది. అది గుర్తింపున్న రిజిస్ట్రార్ సంగతి, ఒక్కడే నడుపుకునే రీసెల్లర్ ఫోన్ ఎత్తడం మానేస్తే మన గతేంటి? లుకప్‌లో చూస్తే వెనకున్న రిజిస్ట్రార్ పేరు తెలిసింది, అవసరమైతే నేరుగా వాళ్ళనే అడగొచ్చు. కానీ యజమాని ఈమెయిల్ చోట కుర్రాడి మెయిలే ఉంది. ధర కంటే నాకు ఇదే పెద్ద సమస్య అనిపించింది. కాగితం మీద పేరు ఎవరిదైతే డొమైన్ వాళ్ళదే, డబ్బు కట్టింది బాబాయ్ అని ఎంత చెప్పినా ఋజువు చెయ్యడానికి తిరగాలి.

కుర్రాడికి ఫోన్ చేసి నేరుగా అడిగాను. ఏమీ అనుకోలేదు. "అప్పట్లో అంకుల్ గారికి మెయిల్ లేదన్నారు సార్, అందుకే నాది పెట్టాను" అని, ఆ సాయంత్రమే పేరు, మెయిల్, ఫోన్ నంబరు అన్నీ బాబాయ్‌వి పెట్టి స్క్రీన్‌షాట్ పంపాడు, ప్యానెల్ లాగిన్ కూడా ఇచ్చాడు. డాట్ ఇన్ పేర్ల జాబితా చూసేది మన దేశపు నిక్సి అనే సంస్థ, డాట్ కామ్‌కి ఉన్న 60 రోజుల తాళం గొడవ దీనికి లేదు. ప్రైవసీ కూడా దీనికి ఒప్పుకోరు, కాబట్టి ఆ పేరుతో ఎవడైనా డబ్బులు అడిగితే ఇవ్వక్కర్లేదు. రెన్యువల్ ఎంత బాబూ అంటే 850 అన్నాడు. పోయినేడు కూడా 850యే. మొదటి ఏడాది కూడా 850యే, ఆఫర్లు గీఫర్లు లేవు. అందులో అతనికి మిగిలేది ఏ వందో రెండొందలో, ఆ డబ్బుకి ఆదివారం రాత్రి సైటు ఆగిపోతే బాబాయ్ ఎవరికి ఫోన్ చేస్తాడు, నాకు కాదు కదా! హోల్‌సేల్ ధరకి ఇచ్చే కంపెనీకి ఒంగోలు నుంచి తెలుగులో ఫోన్ చెయ్యడానికి నంబరు లేదు.

అందుకే డాట్ ఇన్ అక్కడే ఉంచేశాం. బాబాయ్ యూపీఐలో డబ్బులు పంపాడు, అదీ ఎనిమిదొందలకి బేరమాడాకే.